మడతలక్క వెతికిన పాట

హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు మడతపెట్టే పనిలో ముప్పై ఏళ్లకి పైగా ఉంది కాబట్టి ఆమెని అందరూ మడతలక్క అనేవాళ్లు. ఆమె చెయ్యి పడితే ఎంత పెద్ద దుప్పటైనా బుద్ధిగా ఒదిగిపోయేది. పని మానేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఒక పియానో పాట ఆమె మనసుని పీకడం మొదలెట్టింది. మొదలు గుర్తుంది. సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

పాట పేరు ఫోనే చెబుతుందని చెల్లెలి కూతురు దాన్ని ముందుపెట్టి కూనిరాగం తియ్యమంది. ఫోను ఒకసారి జోలపాటంది, ఇంకోసారి సబ్బు ప్రకటనంది. నా గొంతు దానిక్కూడా లోకువైపోయిందే అని మడతలక్క నవ్వేసింది. పాట ఎక్కడ విన్నదో మాత్రం చెప్పలేదు.

విన్నది ఆ హోటల్లోనే. అప్పుడామెకి ఇరవై రెండు. కింద హాల్లో ఉన్న పియానోకి శ్రుతి చెయ్యడానికి మూణ్ణెల్లకోసారి ఒకతను వచ్చేవాడు. పొద్దుటినుంచీ ఒక్కో తీగే బిగిస్తూ, టింగు టింగుమనిపిస్తూ అందరి ప్రాణాలూ తోడేసేవాడు. పనయ్యాక మాత్రం ఒక్క నిమిషం ఏదో వాయించేవాడు. హాల్లోకి తెరుచుకునే తువ్వాళ్ల గది తలుపు తీసుకుని ఆమె వినేది. ఒకసారి అతను తలెత్తి చూశాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా, ఆ తలుపు తెరుచుకునేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగేవాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు. ఏడాది తిరక్కుండా హోటల్ వాళ్లు పియానో అమ్మేశారు. ఆమెకి పెళ్లయింది. భర్త మంచివాడే. పిల్లలు పుట్టారు, పెరిగారు.

చివరికి రెండు వీధుల అవతల పియానో నేర్పే ముసలి మాస్టారి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. సిగ్గుపడుతూనే కూనిరాగం తీసింది. ఎక్కడ విన్నారని ఆయన అడిగితే ఏదీ దాచుకోకుండా చెప్పేసింది.

"ఇది పాట కాదమ్మా," అన్నాడాయన. "శ్రుతి కుదిరిందో లేదో చూసుకోడానికి కొందరు సొంతంగా ఏదో ఒకటి అల్లుకుంటారు. ఇది అతనిదే అయ్యుంటుంది. ఇంకెక్కడా దొరకదు."

మడతలక్క లేవబోయి మళ్లీ కూర్చుంది. "మరి తలుపు తెరుచుకునేదాకా ఎందుకు ఆగేవాడండీ?"

"శ్రుతి చూసుకోడానికైతే ఎవరూ వినక్కర్లేదమ్మా."

ఆమె పాడినట్టే ఆయన వాయించాడు. మూడో స్వరం ఇంకాస్త కిందకని ఆమె దిద్దింది. సగానికొచ్చి ఆయన ఆగి, తర్వాతేంటన్నట్టు చూశాడు. ఎంత తడుముకున్నా ఆమెకి గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక, పేరు దొరికిందా పెద్దమ్మా అని చెల్లెలి కూతురు అడిగింది. దానికి పేరు లేదట అంది. ఫోన్లో ఇంకో రకంగా వెతుకుదామంటే, వద్దులేవే అని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. అతని పేరు ఎవరినైనా అడిగి ఉండాల్సిందని ఆ సాయంత్రమే ఆమెకి మొదటిసారి అనిపించింది.