జేజి వినలేకపోయిన పద్యం

మా చిన్నప్పుడు జొన్నల గాదె మీద ఒక పాటల పెట్టె ఉండేది... పాడేది మాత్రం కాదు. దాని మూత మీద మా జేజి, అంటే నాయనమ్మ, చేట, జల్లెడ పెట్టుకునేది.

ఆమె భర్త, మా జేజినాయనకు ఒకప్పుడు మైకుసెట్టు ఉండేదట. మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లయినా, తిరునాళ్లయినా ఆ రికార్డు ప్లేయరు, దానితోపాటు కొమ్ములాంటి పెద్ద స్పీకరు ఎద్దులబండి ఎక్కాల్సిందే. క్యాసెట్లు వచ్చాయి... పెట్టె గాదె ఎక్కింది.

"నా మైకు రాకుంటే తాళి కట్టేదే ల్యా అని ఒగ పెండ్లికొడుకు మొండికేసినాడప్పా!" అనేవాడు జేజినాయన.

"ఆ పెండ్లికొడుకు నువ్వే గదయ్యా" అని వంటింట్లోంచి తగులుకునేది జేజి.

ఆ పెట్టెతో పాటు కొన్ని రికార్డులు కూడా ఉండేవి. వాటిలో ఒకటి జేజి తమ్ముడు ఓబులేసుది. ఆయన నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. మద్రాసు నుంచి ఎవరో చిన్న కంపెనీవాళ్లు వచ్చి ఆయన పద్యం ఒకటి రికార్డు చేశారట. తర్వాత కొన్నాళ్లకే, నాటకం ఆడి తిరిగి వస్తుంటే లారీ బోల్తాపడి పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ గొంతే...

జేజినాయన ఎక్కడ మైకు కట్టినా మొదట ఆ పద్యమే వేసేవాడు. "మా బామ్మర్ది!" అని అందరికీ చెప్పుకునేవాడు. ఊళ్లన్నీ విన్నాయి. జేజి మాత్రం సరిగా వినలేదు. పెళ్లివాళ్లయితే జనరేటరు పెట్టించేవాళ్లు, అప్పట్లో మా ఇంటికి కరెంటు లేదు. పక్క ఊళ్లో పెళ్లి జరుగుతుంటే ఆమె చేలో కలుపు తీస్తూ ఉండేది. గాలి ఇటు తిరిగితే ఒక ముక్క వినపడేదట... అటు తిరిగితే అదీ లేదు. ఇంటికి కరెంటు వచ్చేసరికి పెట్టె చెడిపోయింది.

నేను బడికి పోయే రోజుల్లో జేజికి చెవులు మందగించడం మొదలైంది. తనకోసం ఏదీ అడగని మనిషి, ఒకరోజు మా చిన్నాయనను అడిగింది. ఆయనకు కడపలో టీవీలు బాగుచేసే అంగడి ఉండేది.

"రే అబ్బోడా... ఈ చెవులు పూరా పోకముందే ఓబులేసు గొంతు ఒగసారి ఇనిపీరా."

చిన్నాయన పెట్టె విప్పాడు. లోపలి రబ్బరు అప్పడంలా పెళుసెక్కి ఉంది. రికార్డు మీద నడిచే ముల్లు విరిగి ఉంది. విడిభాగాల కోసం ఇంకో పాత ప్లేయరు కొనాలని, కడపలో పాత సామాన్ల అంగడికి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. ఆ అంగడి భాయ్ మమ్మల్ని ఎగాదిగా చూసి, "దీని బదులు ఒగ మేకను కొనుక్కోపో సామీ... అదన్నా అరుస్తాది" అన్నాడు. అయినా కొన్నాం. దాని చక్రం దీనికి, దీని మోటారు దానికి... ఆ వేసవంతా చిన్నాయనకు అదే పని. కొత్త ముల్లు పోస్టులో వచ్చింది.

మొదట ఏదో పెళ్లిపాట వేశాడు. గంటలా మోగింది! జేజినాయన తొడ చరుచుకున్నాడు.

అప్పుడు జేజి కాళ్లు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. చిన్నాయన ఓబులేసు రికార్డు పెట్టాడు.

సర్ ర్ ర్... సర్ ర్ ర్...

జేజి చాలాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఇంగా మొదలుగాలేదా?" అంది.

రికార్డు అప్పటికే చివరికి వచ్చేసింది.

చిన్నాయన ఒప్పుకోలేదు. ముల్లు నాసిరకం అన్నాడు. ఇంకా మంచిది తెప్పించాడు. స్పీకర్లు మార్చాడు. పెట్టె ఎంత బాగుపడితే ఆ సరసర శబ్దం అంత స్పష్టంగా వినపడింది. నడుమ ఎక్కడో, బావి అడుగున ఎవరో పిలిచినట్టు ఒక రాగం... అంతే.

"రూపాయి బిళ్ళ పెట్టి సూడప్పా" అన్నాడు జేజినాయన.

"ఏంటికి నాయనా?"

"ముల్లు మింద బరువుకు. పెండ్లిలో పిల్లోళ్లు ఎగురుతాంటే ముల్లు జారిపోతాది గదా. ఓబులేసు రికార్డుకు తప్పకుండా పెట్టేవాణ్ణి... ఒగ అచ్చరం గూడా పోగూడదని."

చిన్నాయన రికార్డును కిటికీ వెలుతురుకు తిప్పి చూశాడు. నల్లగా మెరవాల్సిన గీతలు బూడిదరంగు తేలి ఉన్నాయి.

"ఆ బరువే తినేసింది నాయనా..."

జేజినాయన భుజం మీది తువ్వాలు తీశాడు, మళ్లీ వేసుకున్నాడు.

జేజి కోప్పడలేదు. "ఊరోళ్లందరికీ వడ్డించి, నాకు అడుగంటింది పెట్టినావు గదయ్యా" అని లేచిపోయింది.

తర్వాత ఆ పద్యం ఆమే నాకు నేర్పింది. చిన్నప్పుడు తమ్ముడు మాటలు బట్టీ పడుతుంటే వినిందట, ఒక్క మాట కూడా మరిచిపోలేదు. "మాటలన్నీ ఉండాయమ్మీ... వాడే ల్యా" అనేది. ఇప్పుడు నేను తెలుగు చదువుకుంటున్నాను. ఆ పద్యంలో ప్రతి మాటకూ అర్థం చెప్పగలను. రికార్డులో ఆయన ఏ మాట దగ్గర గొంతు ఎత్తేవాడో, ఎక్కడ ఆగేవాడో మాత్రం చెప్పలేను. అది చెప్పగలిగిన జేజినాయన పోయాడు.

ఇంటర్నెట్లో పాత రికార్డులు అమ్మేవాళ్ల పేజీలన్నీ వెతికాను... ఎక్కడా ఓబులేసు పేరే లేదు.

ఇప్పుడు ఫోనులో వేల పాటలు. ఎంత విన్నా అరగవు. అప్పట్లో ఒక గొంతును ఇష్టపడి మళ్లీ మళ్లీ వింటే, విన్నంత మేరా తగ్గిపోయేది... ఆ సంగతి ఇష్టపడినవాళ్లకు చివర్లో గానీ తెలిసేది కాదు.

మీ ఇంట్లోనూ అలా చేజారిన గొంతు ఉందా? ఎవరిదో ఇక్కడ రాయండి, చదువుకుంటాను. మా ఓబులేసు రికార్డు ఎవరి దగ్గరైనా ఉందా అని మాత్రం అడగడం లేదు...

పోయినేడాది నుంచి జేజికి ఏమీ వినపడటం లేదు.