బుచ్చవ్వ పసిగట్టిన తీగ

శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలున్నన్నాళ్లూ భిక్షానికి పనికి కొదవ లేదు. బోరు మోటార్లు విప్పి, కాలిన చుట్లు తీసి, కొత్త రాగితీగ చుట్టడం అతని వృత్తి. తొంభైల చివరికి బోర్లు ఎండిపోయాయి. ద్రాక్షపందిళ్ల రాతి కడీలు పీకి, వాటి చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతసాగారు. మోటార్లు తగ్గుతూ ఉంటే రోడ్డు మీద జీపులూ ట్రాలీ ఆటోలూ పెరుగుతూ వచ్చాయి. కరెంటు ఎక్కడైనా కరెంటే కదా అనుకుని భిక్షం బండ్ల పనికి మళ్లాడు. ఇక బతుకుదెరువు అదే కావాలి.

మొదటి బండి ఇచ్చినవాడు అతని బామ్మర్ది రాజారావు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య జీపు నడిపి ఇల్లు గడుపుకునే మనిషి. ఆ ఏటి శ్రావణ బోనాలకు పోచమ్మ తొట్టెలను అతని జీపు మీదనే ఊరేగించాలని పెద్దలు నిర్ణయించారు. అమ్మవారికి సమర్పించడానికి వెదురుపుల్లలతో, రంగుకాగితాలతో కట్టిన తొట్టెల అది. వెనక బోనాలెత్తుకుని నడిచే ఆడవాళ్లకు వెలుతురు కావాలి.

"బావా, మేడ్చల్‌ల నిలవడి సూసినా మన తొట్టెల కానరావాలె," అన్నాడు రాజారావు.

"నువ్వు బండి తోలు. ఎలుగు సంగతి నాకిడిసిపెట్టు."

బండ్లకు వాడే నూరేసి వాట్ల దీపాలు రెండు జీపు వెనక చట్రానికి బిగించాడు భిక్షం. పెళ్లిపందిళ్లకు వాడే సన్నని జంటతీగ ఇంట్లో చుట్టగా ఉంది. పందిట్లో అన్నే వాట్ల బల్బులను ఆ తీగ మీదనే ఎన్నోసార్లు వెలిగించాడు. ఏనాడూ అది వెచ్చబడలేదు. పైగా జీపు బ్యాటరీవి పన్నెండు ఓల్టులే, ముట్టుకున్నా షాకు కొట్టదు. షాకు కొట్టని కరెంటుకు లావు తీగ దేనికి? జీవితమంతా బోర్ల దగ్గర పెద్ద కరెంటుతో మసలినవాడికి సహజంగా కలిగే భ్రమ అది. ఫ్యూజు వేయలేదు. బ్యాటరీకీ దీపాలకూ మధ్య మిగులుగా ఉన్న తీగను కోయడానికి మనసొప్పక, చుట్ట చుట్టి ముందు సీటు కిందికి తోశాడు.

పొద్దు గూకే వేళ డప్పులు మోగాయి, జీపు కదిలింది. ముందు సీట్లో బుచ్చవ్వ కూర్చుంది. ద్రాక్షగుత్తులు సవరించే పనిలో తోటల్లోనే ముసలిదైన మనిషి. మోకాళ్లు సహకరించక బోనం కోడలికి అప్పగించి జీపెక్కింది. భిక్షం పక్కన నడుస్తున్నాడు.

"ఏంది బావా, గీ లైట్లు నిద్రకొచ్చిన పోరగాని కండ్ల లెక్కున్నయి?"

"బ్యాటరీ బలం సాలుతలేదు. జర రేసియ్యి."

రాజారావు రేసిచ్చాడు. దీపాలు కొంచెం తేరుకున్నాయి. అంతలో బుచ్చవ్వ ముక్కు ఎగబీల్చింది.

"అరే ఆపుండ్రిరా! మోటరు కాలిన వాసనొస్తాంది."

"జీపుల బోరు మోటరేడికెల్లి వస్తదే అవ్వా? గది ఊదు పొగ," అని నవ్వాడు రాజారావు.

"ఊదు వాసన నాకు నేర్పుతవా? నువ్వు పుట్టకముందుకెల్లి తోటల పనిజేసిన. ఓల్టేజి తక్కువొచ్చిన దినం మోటరు గిట్లనే కంపు గొడ్తది. నా కాళ్ల కిందికెల్లే వస్తాంది. దింపుండ్రి నన్ను!"

భిక్షం ఆమెను దింపి సీటు ఎత్తాడు. వేడి బయటికి పోక చుట్టలోని తీగల మీది తొడుగు కరిగి ముద్దయింది. సన్నగా పొగ లేస్తోంది. బానెట్ తెరిచి బ్యాటరీ దగ్గరి కొసను ఉత్తచేత్తో లాగేశాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. నెత్తిన రంగుకాగితాలు గాలికి గలగలలాడుతున్నాయి. ఒక్క నిప్పురవ్వ ఎగిరి ఉంటే చాలు, అవి అంటుకునేవి.

పెట్రోమాక్సుల వెలుతురులో తొట్టెల పోచమ్మను చేరింది. కానీ మాట ఊరంతా పాకింది: మోటర్ల భిక్షం జీపు కాలవెట్టబోయిండు. ఇక బండి ఇచ్చేదెవరు?

మర్నాడు గడపలో కూర్చుని కరిగిన తీగను చూస్తుంటే బుచ్చవ్వ మాట మళ్లీ చెవిన పడ్డట్టయింది. ఓల్టేజి తగ్గితే, మోయాల్సిన బరువు తగ్గదు గనుక మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, చుట్లు కాలుతాయి. ఈ సంగతి అతనికి కొత్త కాదు. మరి ఓల్టులు పన్నెండే అయితే? వాట్లను ఓల్టులతో భాగించాడు. రెండు దీపాలూ కలిసి ఇంటి కరెంటు మీద ఒక్క ఆంపియరు కూడా తీసుకోవు. జీపులో దగ్గరదగ్గర పదిహేడు లాగుతాయి. తీగ లావును నిర్ణయించేది షాకు కాదు, ఆంపియర్లు. దూరం కూడా. బోరుకు దూరంగా ఉన్న మడికి సన్న పైపు వేస్తే నీళ్లు చివరికి నీరసంగా చేరతాయి. దీపాలు కునికిందీ అందుకే, బ్యాటరీ బలహీనత వల్ల కాదు.

మేడ్చల్ వెళ్లి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, ఇరవై ఆంపియర్ల ఫ్యూజు తెచ్చుకున్నాడు. తెచ్చాడే గాని, బిగించడానికి బండేది?

ఆ సాయంత్రం గుమ్మం ముందు జీపు ఆగింది. రాజారావు తాళంచెవి అందించాడు.

"భయం లేదారా?" అన్నాడు భిక్షం.

"మస్తుంది. గందుకే అవ్వను గుడ తోల్కచ్చిన."

ముందు సీట్లోంచి బుచ్చవ్వ కసిరింది. "నా మొకమేం సూస్తవురా, పని సూడు."

భిక్షం కొలిచి, మిగులు లేకుండా కోసి తీగ బిగించాడు. ఫ్యూజును బ్యాటరీకి ఆనించినట్టే పెట్టాడు. దీపాలు తెల్లగా వెలిగాయి. ఊరు చుట్టి వచ్చాక, బొబ్బలెక్కిన చేతినే తీగ మీద ఆనించాడు. వెచ్చదనం తెలిసీ తెలియనంత.

"అవ్వా, వాసన?"

ఆమె తీరిగ్గా పీల్చింది. "నా తమలపాకు వాసనే. ఇంకేం లేదు."

భిక్షం వంగి ఆమె కాళ్లు ముట్టుకున్నాడు.

"మొక్కులు తర్వాత. మోకాళ్లు గుంజుతున్నయి, ఇంటికాడ దింపుండ్రి."

తర్వాతి ఏళ్లలో మేడ్చల్ రోడ్డు మీద అతని చిన్న కొట్టు నిలదొక్కుకుంది. పని పూర్తయిన ప్రతి బండి తీగ మీదా ఆ మచ్చపడ్డ అరచెయ్యి ఆనించనిదే తాళం ఇచ్చేవాడు కాదు. డ్రైవర్లు ఆటపట్టించేవారు: "ఏమన్నా, అవ్వ వాసన జూసిందా?" భిక్షం నవ్వి, "సూసింది, పో," అనేవాడు. ఏటా బోనాలకు రాజారావు జీపు ముందు సీటు మాత్రం బుచ్చవ్వదే.