కబురు చేస్తానన్నారు

నాతోపాటే పని పోయిన ఆమె మెడలో గోడౌన్ గుర్తింపు కార్డు మళ్ళీ వేలాడుతుంటే చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, కడుపు మండిపోయింది.

ఆటోనగర్‌లో లారీ విడిభాగాల గోడౌన్‌లో ఇద్దరం ప్యాకింగ్ చేసేవాళ్లం. నేను ఉయ్యూరు నుంచి, ఆమె కొండపల్లి నుంచి బస్సులో వచ్చేవాళ్లం. ఒకరోజు ఏ కారణమూ చెప్పకుండా ఇద్దర్నీ రేపటి నుంచి రావద్దన్నారు. యజమానిది మా ఊరే, మా నాన్నకు స్నేహితుడు. బాబాయ్ గారూ అనే పిలుస్తాను. నన్ను గదిలోకి పిలిచి, కాఫీ తెప్పించి, "నువ్వు మనూరి పిల్లవి. కాస్త ఓపిక పట్టమ్మా, నేనే కబురు చేస్తాను" అన్నారు. ఆమెను మాత్రం గుమ్మం దగ్గర్నుంచే పంపేశారు. పాపం అనుకున్నాను. లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

మా వైపు, పెద్దవాళ్లు కబురు చేస్తానన్నాక మళ్ళీ వెళ్లి అడగడం మర్యాద కాదు. నేను అడగలేదు. ఆమెకు కబురు చేస్తానని ఎవరూ అనలేదు కాబట్టి ఆ వారమే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టింది. "బాబాయ్ గారి మీదే! ఎంత పొగరు!" అని ఇంట్లో చెడామడా తిట్టాను. కొన్నాళ్లకు రాజీ కుదిరి ఆమెను తిరిగి పనిలోకి తీసుకున్నారు. పని నేర్పింది నేను, పెట్టెకు పట్టీ ఎలా బిగించాలో చూపించింది నేను, ఇప్పుడు నా కుర్చీ ఆవిడకా! ఆమె పేరు ఎవరెత్తినా కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని.

నాకు కబురు రాలేదు. చివరికి మా ఆయన పోరు పడలేక బెజవాడలో ఒక ప్లీడరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన అంతా విని, "పనిలోంచి తీసేసిన మూడేళ్లలోపు లేబర్ కోర్టుకు రావాలమ్మా. దాటిపోయిందే! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అన్నారు. కబురు కోసం చూస్తున్నానంటే నవ్విపోతారని, ఫీజు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

తిరిగొస్తుంటే బస్టాండులో ఆమే ఎదురైంది. కొత్త చీర, చేతిలో క్యారేజీ, మొహంలో కళ. తప్పుకుపోదామనుకుంటే చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉన్నావక్కా? సార్ ఎప్పుడూ నీ గురించే అడుగుతుండేవారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏమనీ?"

"మీ అక్క కేసేమైనా వేసిందా అని. లేదండీ అనేదాన్ని. ఈమధ్యే అడగడం మానేశారు."