ఆయన కంచంలో మిగిలిన ముక్క

పుండు పగిలి నెత్తురు కక్కుకున్నాక నా పొట్టలో సగం కోసి తీసేశారు. మిగిలిన సగంతో బతకడం నేర్చుకున్నాను. పిడికెడు తినడం, కాసేపు ఆగడం, మళ్లీ పిడికెడు. అది పెద్ద బాధ కాదు. మా ఆయన మాటలే బాధ. స్టీలు ప్లాంటు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ రోజూ అదే పాట. "నీ పచ్చిమిరపకాయలే నీ కడుపు కాల్సీసినాయే. సెప్తే ఇన్నావా?"

నిజమే కాబోలనుకుని కారం మానేశాను. అయినా మంట తగ్గలేదు. మళ్లీ గొట్టం దించి చూసిన డాక్టరమ్మ, మిగిలిన పొట్టలో బ్యాక్టీరియా ఉందంది. మొదటి పుండుకీ అదే కారణమట, మిరపకాయ కాదట. రక్తపరీక్షలో చేప, మాంసం అరిగించే ఎంజైము కూడా బాగా తక్కువగా వచ్చింది. "కోసేసిన మేరకు తగ్గింది, అది తిరిగి రాదమ్మా. క్రిమిని మాత్రం చంపాలి. వదిలేస్తే ఉన్న సగంలో మళ్లీ పుండు పడుతుంది, క్యాన్సరైనా రావచ్చు" అంది. ఇంకోసారి కోయడానికి నా దగ్గర పొట్టేదీ?

మందులన్నీ మింగాను. గొట్టంలోకి ఊదే పరీక్ష చేసి, క్రిమి పోయిందన్నారు. కొన్ని నెలలకు మంట మళ్లీ మొదలైంది. ఊదితే మళ్లీ ఉంది. అప్పుడు డాక్టరమ్మ అడిగింది, "ఎవరి ఎంగిలైనా తింటారా అమ్మా?"

ఇదేం ప్రశ్న! మా వైపు కాపురానికొచ్చిన ఆడది మొగుడు తిని లేచిన కంచంలోనే వడ్డించుకుంటుంది. మా అమ్మ అంతే, మా అత్త అంతే. గోపాలపట్నంలో ఫ్లాటు కొనుక్కున్నా నేనూ అంతే. పైగా చేప వండిన రోజు మా ఆయన నడిమి ముక్క ఒకటి నాకోసం కంచంలో వదిలేసేవాడు. ముళ్లు ఏరి, ఉప్పు సరిపోయిందో లేదో ఓ మూల కొరికి చూసి మరీ. ఎన్ని మాటలన్నా ఆ ముక్క మాత్రం మానలేదు.

ఇదంతా చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. "అలాగే అంటుకుందని కచ్చితంగా చెప్పలేను. కానీ ఆయన్నీ తీసుకురండి" అంది.

చెబితే అంతెత్తున లేచాడు. "నాకేటే? రాళ్లు తిన్నా అరిగిపోద్ది. నీ కడుపులో పురుగుకి నానెందుకూదాల?"

"ఊదకండి. నాను సచ్చిపోయాక తీరిగ్గా ఊదుదురు గాని!" అన్నాను. అంటూనే ఏడుపొచ్చేసింది. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

ఆయనకీ ఉంది. మంట లేదు, నొప్పి లేదు, పురుగు మాత్రం ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా డాక్టరమ్మ పట్టింది. మిరపకాయల మాట మళ్లీ వినబడలేదు. ఇద్దరం ఒకేసారి మందులు మింగాం. నోట్లో ఇనప రజను పోసినట్టుందని ఆయన ఒకటే గోల. అనుభవించు నాయనా అనుకున్నాను, సంతోషంగానే.

మందులయ్యాక కొన్నాళ్లాగి ఇద్దరం ఊదాం. ఇద్దరికీ పోయింది. ఆ రోజు ఆయనే హార్బరుకెళ్లి వంజరం చేప తెచ్చాడు. పులుసు దించి, అలవాటుగా ఒక్క కంచమే పెట్టాను. ఆయన లేచి వెళ్లి ఇంకో కంచం కడిగి తెచ్చాడు. తను చెయ్యి పెట్టకముందే గరిటెతో నడిమి ముక్క తీసి అందులో వేసి, నా వైపు జరిపాడు.

"మెల్లగా తినే. నీకు అరగదన్నారు గదా" అన్నాడు.

కాపురానికొచ్చాక ఆయన పెట్టిన ముక్క ఎంగిలి కాకుండా తినడం నాకదే మొదటిసారి. ఉప్పు తక్కువైంది. ముందుగా కొరికి చూసేవాళ్లు లేరు కదా మరి.