యోబు సార్ కోపం, కొర్రమీను రక్తం

యోబు సార్‌కి కోపం తెప్పించని వస్తువు నాకు తెలిసి ఒక్కటీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో తలుపులు మూసుకుంటాయని చెప్పే గొంతు మీద కూడా కోపమే. "మాకు కండ్లు లేవా? ఊకె పరేషాన్ జేస్తది" అని రోజూ దానితో తగవు పెట్టుకునేవారు.

ఎల్బీనగర్‌లోని మా కాలేజీ ల్యాబులో, చేపలు జబ్బులతో ఎలా పోరాడతాయో తెలుసుకోవడానికి వాటి రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసేవారు ఆయన. నాది పక్క బల్ల. ఆయన తిట్లు తప్పించుకున్నవి కొర్రమీనులు మాత్రమే. లవంగనూనె కలిపిన నీళ్లలో మత్తెక్కిన చేపను తడిగుడ్డలో పట్టుకుని, తోక దగ్గర సూది గుచ్చుతూ, "జర ఓర్సుకోండ్రి, అయిపాయె" అనేవారు. వెంటనే నా వైపు తిరిగి, "ఫ్యాన్ బంద్ చెయ్యమంటే సమజైతలేదా? దాని ఒళ్లు ఎండిపోతలేదా?" అని అరిచేవారు.

ఆ రక్తాన్ని చిక్కటి ద్రవం మీద మెల్లగా పోసి మిషన్లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి. తెల్లకణాలు మధ్యలో పల్చటి గీతలా నిలబడతాయి. ట్యూబు కుదిపితే అంతా కలిసిపోతుంది.

ఒకరోజు మా ప్రాజెక్టులో పనిచేసే ప్రసన్నలక్ష్మి అనే పోచంపల్లి అమ్మాయి మిషన్లోంచి ట్యూబు బయటికి తీస్తుండగా మా విభాగాధిపతి గంగాధరరావు గారు లోపలికొచ్చారు. ఆ కంగారులో ఆమె ట్యూబును బల్లకు తగిలించింది. గీత మాయమైంది.

"ఏమిటమ్మా ఇది? ఈమాత్రం చేతకాని వాళ్లని ప్రాజెక్టులో ఎందుకు ఉంచాలి?" అన్నారాయన.

యోబు సార్ ముఖం కందగడ్డలా అయింది. ఇక ఆ అమ్మాయి పని అయిపోయిందనుకున్నాను.

"పిల్లనెందుకంటరు సార్?" అంటూ ఆయన మిషన్ మీద దబదబా బాదారు. "గీ డబ్బా వణుకుతుంటే గీత ఎట్ల నిలవడ్తది? నేను మొత్తుకుంటుంటే ఎవ్వరన్న ఇన్నరా? ముందుగాల దీన్ని తీసేయిండ్రి, తర్వాత పిల్లను తీద్దురు."

"సరే, చూద్దాంలెండి యోబు గారూ" అంటూ పెద్దాయన మెల్లగా జారుకున్నారు.

"మిషన్ బాగానే ఉంది కదా సార్?" అన్నాను.

"నీకేం పనిలేదా?" అని నా మీద విరుచుకుపడి, ప్రసన్నలక్ష్మి వైపు తిరిగారు. "ఏడ్సుడు ఆపి ఇంకో ట్యూబు పెట్టు."

ఈసారి ఆమె తీస్తున్నప్పుడు ఆయన తన అరచెయ్యి ఆమె చేతి కింద ఆనించారు. తెల్లటి గీత చెక్కుచెదరలేదు.

"మిషన్ ఈపారి వణకలేదు సార్" అంది ఆమె, తల దించుకుని.

"నా తిట్లకు భయపడ్డది" అన్నారు యోబు సార్, కోపంగా.

ఆ అమ్మాయి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది. దానికీ తిట్లు తిన్నది.