అత్త ఇవ్వని మాట

పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తలో మా అత్తంటే నాకు కోపంగా ఉండేది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఊళ్లో కాన్పులన్నీ ఆమే చేసేది. దొర ఉండే గడిలో దొరసానికి కాళ్లు పట్టడం కూడా ఆమె వంతే. అది వెట్టి, కూలి లేదు.

ఒక పొద్దున మా వాడలో ఒక జీతగాడి భార్యకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు, పైగా బిడ్డ అడ్డం తిరిగింది. అత్త నూనె రాసి మెల్లగా కడుపు సవరిస్తుంటే నేను నీళ్లు కాగబెడుతున్నాను. అంతలో దొర పిలుపులు మోసే గడి సుంకరి వచ్చి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, దొరసాని కాళ్లు పట్ట రమ్మంటాంది. జల్ది రా."

"కాన్పయినంక వస్తనని చెప్పు."

"గట్ల చెప్తే నా తోలు తీస్తరు."

"నేను లేస్తే గీ పిల్ల చస్తది. గదే చెప్పు."

కాసేపటికి వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి పిలిచింది దొర.

"జరసేపు పోయిరా అత్తా. మనల బతకనిస్తరా?"

ఆమె తలెత్తలేదు. "నీళ్లు తే" అంది.

మధ్యాహ్నం దాటాక బిడ్డ ఏడ్చింది. అత్త చేతులు కడుక్కుని, ఎవరూ పిలవకుండానే గడికి నడిచింది. దొర ఆమెను వాకిట్లో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టించాడు. నేను గేటు బయట నిలబడి చూశాను.

"ఇంకోసారి పిలిస్తే వస్తవా?"

"కాన్పుల ఉంటే రాను దొరా."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు, అదే గొంతు. పొద్దు గూకాక వదిలేశారు.

ఇంటికొచ్చి ఆమె వీపుకు కాపడం పెడుతూ ఏడ్చాను. "ఒక్కసారి వస్తనంటే అయిపోతుండె గద!"

"అంటే రేపు పోవాలె గద బిడ్డా" అంది, అంతే.

ఆ తర్వాత కాన్పు లేని రోజు కూడా ఆమె కాళ్లు పట్టడానికి పోలేదు. సుంకరి వస్తే "రానని చెప్పు" అనేది. ఆమెకు బదులు పిలిస్తే పోవడానికి వాడలో ఇంకో ఆడమనిషి ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు వాడు రావడమే మానేశాడు.

చలికాలంలో దొర కూతురు కాన్పుకొచ్చింది. నొప్పులు మొదలవగానే మా ఇంటికి బండి పంపారు.

"పోవద్దు అత్తా" అన్నాను.

"గా పిల్ల నన్నేమన్నది?" అని బండెక్కింది.

వెనక నేనూ ఎక్కాను. ఆ రోజు మొదటిసారి, పుడుతున్న బిడ్డను నా చేతుల్లోకి తీసుకోమంది.