సుగుణమ్మ టీచరు మార్కుల కాగితం

మా శింగనమల చౌకధరల దుకాణంలో వేలిముద్ర పడకపోతే మిషను కీచుమంటుంది. వేరుశనగ పీకి పీకి వేళ్లు అరిగిపోయిన ముసలామె, తప్పు తనదే అన్నట్టు చెయ్యి చీరకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అనంతపురం ఆసుపత్రిలో కంప్యూటరు సుగుణమ్మ టీచరు మీద సరిగ్గా అలాగే కీచుమనేది.

నాకు అక్షరాలు వచ్చింది ఆమె సండే స్కూల్లోనే. అమ్మానాయన కూలికి పోయేవాళ్లు. చర్చి వెనక రేకుల గదిలో మా అందరినీ కూర్చోబెట్టి ఆమె వాక్యాలు కంఠస్థం చేయించేది. ఆమె దగ్గర ఒక్కటే చట్టం. పలక పట్టినా, పాట ఎత్తినా, బొరుగులు పంచినా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవాలి. ఒకసారి నేను అది మరచి గబగబా రాసుకుపోతుంటే పలక లాక్కుని తుడిచేసింది. "ఎవరు తరుముతాండారే నిన్ను? ముందు దేవునితో మాట్లాడు, తర్వాత రాయి" అంది. ఏడుస్తూ మళ్లీ రాశాను. అంత గుండ్రంగా ఇంకెప్పుడూ రాయలేదు.

డెబ్బై దాటాక ఆమెకు మరుపు మొదలైంది. ఒక ఆదివారం ఆరాధనలో చదివిన భాగాన్నే మళ్లీ మొదటినుంచి చదివింది. నేనే అనంతపురం తీసుకుపోయాను. జ్ఞాపకశక్తి కొంచెం తగ్గింది, తన పనులు తానే చేసుకోగలదు, ఇప్పుడే పెద్ద జబ్బు అనలేం అన్నాడు డాక్టరు. మెదడుకు కసరత్తుగా వారానికి రెండుసార్లు కంప్యూటరు ముందు కూర్చోమన్నాడు. బోర్లించిన కార్డుల్లో ఒకేలాంటి బొమ్మలను జతపరచాలి. దీంతో నయమైపోతుందని మాట ఇవ్వలేనని, ఉన్నదాన్ని నిలబెట్టుకునే ప్రయత్నమేనని కూడా చెప్పాడు. నాకు అంగన్‌వాడీలో సెలవు దొరకక మొదటి నెలంతా ఆమె ఒక్కతే బస్సులో పోయి వచ్చింది.

నెల చివర అక్కడ మార్కుల కాగితం ఇచ్చారు, మార్కులు బాగా తక్కువ. మా సంఘంలో కష్టమున్నవాళ్లు ప్రార్థన విన్నపం రాసిస్తారు. సంఘ పెద్ద దాన్ని చదువుతాడు, అందరం ప్రార్థిస్తాం. దాచుకోవడం తెలియని టీచరు ఆ కాగితాన్నే విన్నపంగా ఇచ్చింది. సంఘ పెద్ద జయరాజు దాన్ని మైకులో చదివాడు, అంకెలతో సహా. "టీచరమ్మ శానా కాలం సేవ చేసినాది. ఇంక ఆమెకు విశ్రాంతి ఇస్తాం. పిల్లోళ్ల క్లాసు వచ్చే వారం నుంచి వేరేవాళ్లు చూస్తారు" అని అదే ఊపులో ప్రార్థన ఎత్తుకున్నాడు. సాయం అడిగిన కాగితంతోనే ఆమెకు శిక్ష వేశారు! తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడాలని లేఖనంలో చదివి పెరిగిన వాళ్లం. ఒక్కరమూ లేవలేదు. చివర్లో అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.

తర్వాతి వారం సెలవు పెట్టి ఆమె వెంట పోయాను. తెర మీద కార్డులు పడ్డాయి. టీచరు చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి ఒక కార్డు నొక్కింది. తాళం బొమ్మ. మళ్లీ కళ్లు మూసుకుంది.

"అవ్వా, టైం పోతాంది!" అంది అక్కడ పనిచేసే అమ్మాయి.

"పోనీలేమ్మా, యాడికి పోతాది?" అంది టీచరు కళ్లు తెరవకుండానే. కంప్యూటరు కీచుమంది.

నెలంతా ప్రతి కార్డుకూ ఇదే జరిగిందన్నమాట. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. "టీచరమ్మా, ఆ మిషను సెకండ్లు లెక్కపెడతాంది. ఒక్కతూరి మొదట్లోనే ప్రార్థన చేసుకుంటే సాలదా?" అన్నాను.

"ముందే చెప్పల్ల కదే! ఇది ఓపిక నేర్పే మిషను అనుకుంటి నేను."

ఆ రోజు ఒక్కసారే కళ్లు మూసుకుంది. మార్కులు పెరిగాయి. బక్కెట్టు బొమ్మ ఎక్కడుందో మాత్రం నాలుగుసార్లు మరచిపోయింది. మరుపు ఉంది, కాదనను. కానీ జయరాజు మైకులో చదివినంత లేదు. దేవుడు ఏనాడూ ఆలస్యమని లెక్కపెట్టని క్షణాలను, ఆయన పేరు చెప్పుకునే మేము లెక్కపెట్టాం.

ఆ రోజు మార్కులు వేరే కాగితం మీద రాయించుకుని జయరాజు ఎరువుల అంగడికి పోయాను. "అన్నా, ఆమె ప్రార్థన చేసుకున్న టైమును మీరు మతిమరుపని చదివినారు" అన్నాను.

"ఏమ్మా శాంతమ్మా, ముసలామె మంచికే కదా చేసింది?"

"ఆమెను ఒక్క మాట అడిగినారా?"

"సంఘమంతా ఆమేన్ అనింది. నువ్వు కూడా అనింటివే!"

కాగితం మడిచి పట్టుకుని ఇంటిదారి పట్టాను.

క్లాసు తిరిగి ఇవ్వలేదు. టీచరు ఇంకో ఏడాదిన్నర బతికింది. ప్రతి ఆదివారం పిల్లలు రేకుల గదికి పోతుంటే నా చెయ్యి పట్టుకునేది. "నన్ను ఎందుకు తీసేసినారే? పిల్లోళ్లకు నేనేం తప్పు చెప్పినా?" అని అడిగేది. ఏ తప్పూ లేదని చెప్పేదాన్ని. నా జవాబు వారానికల్లా మరచిపోయేది. అడగడం మాత్రం ఒక్క వారమూ మరవలేదు.

మొన్న ఆదివారం జయరాజు మళ్లీ మైకు పట్టుకున్నాడు. చర్చి గంట కొట్టే ఏసన్నకు మోకాళ్లు పట్టేశాయని, ఆయనకిక విశ్రాంతి ఇస్తామని చెప్పి ప్రార్థనకు తల వంచాడు. నేను లేచాను.

"ఆగన్నా. ఏసన్న ఈడనే కూర్చోనుండాడు. ముందు ఆయన్ని అడుగు."

సంఘమంతా నా వైపు తిరిగింది. సుగుణమ్మ టీచరు కోసం లేవని కాళ్లు ఇవి. ఏసన్న నోరు విప్పేదాకా నేను కూర్చోలేదు.